ఆధారం లేని పేరా

మార్చి నెల రెండో సోమవారం ఉదయం, కెనడాలోని ఒషావాలో కాలేజీకి వెళ్ళే బస్సులో ఉండగా స్పందన ఫోనుకు ఒక ఈమెయిల్ వచ్చింది. సబ్జెక్టు లైన్‌లో ఆమె స్టూడెంట్ నంబరు, దాని పక్కన 'అకడమిక్ ఇంటెగ్రిటీ' అన్న రెండు మాటలు ఉన్నాయి. తెరిచి మూడుసార్లు చదివింది. చరిత్ర కోర్సుకు ఆమె ఇచ్చిన వ్యాసంలో నాలుగో పేజీలో ఒక పేరా ఉంది. అందులో చెప్పిన సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు, ఏ ఆధారమూ చూపించలేదు. ఏఐతో రాయించినట్టు అనుమానంగా ఉంది. పై వారం గురువారం మధ్యాహ్నం రెండింటికి కమిటీ ముందు హాజరు కావాలి. అదీ సారాంశం. బస్సు దిగాల్సిన స్టాపు దాటిపోయినట్టు ఆమెకు తెలియనే లేదు.

స్పందన చదువుతున్నది సప్లై చైన్ డిప్లొమా. ఇదే ఆఖరి సెమిస్టర్. డిప్లొమా చేతికి రావాలంటే తమ సబ్జెక్టుకు సంబంధం లేని కోర్సు ఒకటి కూడా చేయాలని ఆ కాలేజీలో నియమం. గోడౌన్‌లో తన షిఫ్టుకు అడ్డం రాకుండా మిగిలిన కోర్సు ఒక్కటే, రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాల చరిత్ర. రూమ్మేట్ రాగిణి ఆ పేరు విని, నువ్వు రోమ్‌లో పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేస్తావా అని నవ్వింది. స్పందనకు కూడా ఆ కోర్సు మీద ఆసక్తి ఏమీ లేదు, ఆరో వారం దాకా.

ఆరో వారంలో, ఆ పాఠం చెప్పే మిస్ డోయల్ బోర్డు మీద 'కొలోనస్' అని రాసింది. పరాయివాడి భూమిని సాగుచేసి, పంటలో భాగమో రొక్కమో యజమానికి కొలిచి ఇచ్చే రైతు. మొదట్లో అతను స్వతంత్రుడే. గడువు తీరితే సామాను సర్దుకుని ఇంకో ఊరికి పోవచ్చు. నాలుగో శతాబ్దం వచ్చేసరికి ప్రభుత్వం పన్నుల చిట్టాలో అతని పేరును యజమాని భూమి కింద రాసేసింది. ఇక ఆ భూమి వదిలి వెళితే పారిపోయినవాడి కిందే లెక్క. అలాంటివాణ్ణి పట్టుకుని వెనక్కి తేవాలనీ, పారిపోవాలని ఆలోచించిన వాడికి బానిసకు వేసినట్టే సంకెళ్ళు వేయవచ్చనీ కాన్‌స్టంటైన్ చక్రవర్తి చట్టం చేశాడు. ఆ తర్వాత మరో చట్టం వాళ్ళను, పేరుకు స్వతంత్రులే అయినా పుట్టిన నేలకు బానిసలు అంది. డోయల్ ఇదంతా మామూలు గొంతుతోనే చెప్పుకుపోతోంది. స్పందన మాత్రం నోట్సు రాయడం ఆపేసింది.

ఆమె తండ్రి సత్తిబాబు ఉండి దగ్గర ఒక పల్లెలో పంతొమ్మిదేళ్ళుగా ఎనిమిదెకరాల వరి సాగుచేస్తున్నాడు. అందులో ఒక్క సెంటు కూడా ఆయనది కాదు. అంతా కౌలు. కూతురు కెనడా వెళ్ళడానికి బ్యాంకు వాళ్ళు ఆస్తి కాగితాలు అడిగినప్పుడు ఆయన దగ్గర చూపించడానికి ఏమీ లేకపోతే, మేనమామ తన ఇల్లు హామీ పెట్టాడు. ఈ సంగతి ఒషావాలో స్పందన ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకు, మా నాన్న వ్యవసాయం చేస్తారు, ఎనిమిదెకరాలు అని మాత్రం చెప్పేది. వినేవాళ్ళు ఆ ఎనిమిదెకరాలూ సొంతమే అనుకునేవాళ్ళు. ఆమె దిద్దేది కాదు.

కొలోనస్ స్వతంత్రుడా, బానిసా అన్నది వ్యాసానికి ఇచ్చిన ప్రశ్న. పుస్తకాలన్నీ చట్టాల గురించే చెప్తున్నాయి. ఆ మనిషి పొద్దున్న లేచి దేనికి భయపడతాడో ఒక్కదానిలోనూ దొరకలేదు. అందుకని, కౌలు చేసేవాడికి దేనికి భయమో చెప్పమని ఒక ఉదయం బస్సులోంచి తండ్రికి మెసేజ్ పెట్టింది. అక్కడ సాయంత్రం. ఆయన కాలవ గట్టు మీద కూర్చుని, టైప్ చేయడం చేతకాక, వరసగా పదకొండు వాయిస్ మెసేజ్‌లు పంపాడు. స్పందన వాటిని రెండు రోజులు విని, అందులో ఒక విషయం పట్టుకుని, యజమానులు కౌలుదారులను రెండు మూడేళ్ళకోసారి ఒక చేనులోంచి మరో చేనుకు మార్చేవారు, ఎవరికీ ఒకే నేల మీద హక్కు ఏర్పడకుండా, అని రాసేసింది. నాలుగో శతాబ్దంలో రోమన్ల ఏలుబడిలో ఉన్న ఆఫ్రికాలో అలా జరిగినట్టే రాసింది. ఆధారం దగ్గర ఖాళీ వదిలింది. పుస్తకాల జాబితాలో నాన్నను ఎలా పెట్టాలో తెలియకపోవడం ఒక కారణం. రెండోది, పెట్టడం ఇష్టం లేకపోవడం.

ఈమెయిల్ సంగతి విని రాగిణి మంచం మీద లేచి కూర్చుంది. తనకు తెలిసిన అబ్బాయి ఒకడు బ్రాంప్టన్‌లో ఇలాగే ఇరుక్కున్నాడంది. కోర్సు ఫెయిల్ చేశారనీ, డిప్లొమా ఆలస్యమైందనీ, వర్క్ పర్మిట్ గడువు దాటిపోయిందనీ చెప్పింది. నిజమో కాదో రాగిణికీ తెలియదు. అసలే ఆ శీతాకాలం స్టూడెంట్ పర్మిట్లకు కోత పెట్టారన్న వార్తతో కాలేజీలో అందరూ అదే మాట. ఎవరు ఏ పుకారు చెప్పినా నమ్మేటట్టున్నారు. స్పందన ఆ రోజు నుంచి అన్నం సగంలో వదిలేస్తూ వచ్చింది. గోడౌన్‌లో పెట్టెల మీద లేబుల్స్ తప్పు అంటించి సూపర్‌వైజర్ చేత మాట పడింది.

బుధవారం ధైర్యం చేసి డోయల్ ఆఫీసుకు వెళ్ళింది. అది డోయల్ సొంత ఆఫీసు కూడా కాదు, పార్ట్‌టైమ్ టీచర్లు నలుగురు పంచుకునే గది. ఆవిడ కోపంగా లేదు. అలసిపోయినట్టుంది. ఈ సెమిస్టర్‌లో ఇలాంటివి తొమ్మిది వచ్చాయంది. ఆ పేరా తప్ప మిగతాదంతా బాగుంది, కానీ ఈ విషయం ఇరవై ఏళ్ళలో నేనెక్కడా చదవలేదు, ఎక్కడిదో చెప్పు అంది. స్పందన తల దించుకుని, ఒక మనిషి చెప్పాడని మాత్రం అంది. అయితే ఆ రికార్డింగులు తేదీలతో సహా తెమ్మనీ, వాటికి ఇంగ్లీష్ అనువాదం కావాలనీ, ఆ అనువాదం స్టూడెంట్లూ బంధువులూ కాని వాళ్ళెవరైనా చేసి పేరు, ఫోన్ నంబరు ఇచ్చి సంతకం పెట్టాలనీ డోయల్ చెప్పింది. టొరంటోలో అనువాదాలు చేసే ఆఫీసుకు ఫోన్ చేస్తే మూడు వారాలు పడుతుందన్నారు. ఉన్నది ఎనిమిది రోజులు.

తెలుగు వచ్చి, స్టూడెంటు కాకుండా, సంతకం పెట్టగల మనిషి స్పందనకు తెలిసి ఒక్కరే. పైన ఉండే లక్ష్మీకాంతం గారు. ఆ ఇల్లు ఆవిడదే. బేస్‌మెంట్‌ను స్పందన, రాగిణితో సహా ముగ్గురు ఆడపిల్లలకు అద్దెకిచ్చింది. ముప్పై రెండేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైంది. చేసే పనిలో అక్షరం తేడా రానివ్వదు. అయితే ఆవిడ దగ్గరికి వెళ్ళడమంటేనే స్పందనకు భయం. లక్ష్మీకాంతం గారికి ఆకివీడు దగ్గర తండ్రి ఇచ్చిన పొలం ఉంది. అది కౌలుకే ఉంది. కౌలుదారుకు ప్రభుత్వం ఇచ్చే కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. ఒక ఆదివారం ఆవిడ స్పీకర్ పెట్టుకుని తమ్ముడితో మాట్లాడుతుంటే, కౌలు కార్డుకి సంతకం పెట్టేది లేదని చెప్పు, ఇష్టం లేకపోతే వేరే వాళ్ళకిద్దాం అనడం మెట్ల మీద స్పందన చెవిన పడింది. అలాంటి మనిషికి నాన్న గొంతు ఎలా వినిపించడం? విని ఊరుకుంటుందా? ఉండికి ఆకివీడు ఎంత దూరం?

శుక్రవారమంతా తటపటాయించి శనివారం పొద్దున్న మెట్లెక్కింది. లక్ష్మీకాంతం గారు వంటింట్లో మెంతికూర వలుస్తోంది. స్పందన నిలబడే మొత్తం చెప్పింది. కాలేజీ, వ్యాసం, కమిటీ, అనువాదం. చివర, ఆ మాట్లాడింది మా నాన్నే ఆంటీ అంది.

"ఎనిమిదెకరాలు అన్నావు కదమ్మా."

"చేసేది ఎనిమిదెకరాలే ఆంటీ. మాది అని అనలేదు."

లక్ష్మీకాంతం గారు ఆమె మొహంలోకి చూసింది. "అనలేదులే. నేనే అనుకున్నా. ఏదీ, వినిపించు."

స్పందన ఫోను బల్ల మీద పెట్టింది. సత్తిబాబు గొంతుతో పాటు నీళ్ళ మోటారు చప్పుడు, ఎక్కడో కొక్కిరాయి అరుపూ వంటింట్లోకి వచ్చాయి.

"అమ్మలూ, మనకి కాయితం ఏం ఉండదమ్మా. నోటి మాటే. దాళ్వా కోతలయ్యాక ఆసామి ఇంటికెళ్ళి అరుగు దగ్గర నించుంటే, ఈ ఏడు కూడా చేసుకోరా అంటారు. అంటే చేసుకోటవే. అనకపోతే లేదు."

ఇంకోటి. "కార్డుకి సంతకం అడిగానమ్మా ఓసారి. నీకూ నాకూ మధ్య కాయితం దేనికిరా అన్నారు. మళ్ళీ అడగలేదు. మొన్న తుపానుకి చేను మునిగితే ఆఫీసరోళ్ళు నష్టం రాసుకెళ్ళిన కాయితంలోనూ ఆరి పేరే. మునిగింది మన పంట."

మూడోది మొదలైంది. "సుబ్బరాజు గారు మంచోరే, మాట తూలరు. కానీ మూడేళ్ళు దాటితే ఒక్క చేలో ఉంచరు. కాలవ ఇవతలది తీసుకుని అవతలది ఇస్తారు. గట్లు ఏసుకుని, పెంట తోలుకుని, నేల మంచి చేసుకున్నాక అది ఇంకోళ్ళకెళ్ళిపోద్ది. ఏళ్ళ తరబడి ఒక్క చోటే చేశాడని రేపు ఎవడూ అనకూడదంట. ఆరికి ఆ భయం."

లక్ష్మీకాంతం గారు చెయ్యెత్తి ఆపమంది. ఏ సుబ్బరాజు గారని అడిగింది. స్పందన ఊరి పేరు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందని ఆ మాట నోరు దాటాక అనిపించింది. లక్ష్మీకాంతం గారు మెంతి కాడలు పక్కకు నెట్టి, ఆ సుబ్బరాజు గారి అక్కా నేనూ భీమవరంలో ఒక హాస్టల్లో ఉన్నాం, ఇప్పటికీ ఫోన్లు ఉన్నాయి అంది. తర్వాత అవన్నీ తన వాట్సాప్‌కు పంపమంది. చూస్తాననే అంది కానీ చేస్తాననలేదు.

కిందికి వచ్చి స్పందన పదకొండు మెసేజ్‌లూ పంపింది. నిమిషంలో నీలం టిక్కులు పడ్డాయి. అప్పుడు మొదలైంది అసలు భయం. నిన్నటిదాకా తన చదువొక్కటే పోయేలా ఉండేది. ఇప్పుడు నాన్న గొంతు ఒక ఆసామి చేతిలో ఉంది. ఒక్క వేలు కదిపితే చాలు, అది హాస్టల్ స్నేహితురాలికి పోతుంది, అక్కణ్ణించి ఆవిడ తమ్ముడు సుబ్బరాజు గారికి పోతుంది. రెండో పంట దాళ్వా కోతలకు ఇంకో నెల. ఈ ఏడు అరుగు దగ్గర నిలబడితే సుబ్బరాజు గారు ఏమంటారు? మెసేజ్‌లన్నీ డిలీట్ చేద్దామని రెండుసార్లు ఫోను తీసింది. చేస్తే అనువాదం లేదు, పైగా ఆవిడకు అవమానం. ఆదివారం మధ్యాహ్నం పైన లక్ష్మీకాంతం గారు ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. మాటలు వినపడలేదు. అడుగుల చప్పుడు మాత్రం కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వంటింటి దాకా వచ్చింది. స్పందన వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి చెవి రిక్కించింది. రాగిణి వచ్చి ఏమైందని అడిగితే బట్టలు ఇంకా అవలేదని చెప్పింది. మెషీన్ అప్పటికి ఆగి పావుగంటైంది.

ఆ సాయంత్రం తల్లి సరోజన ఫోన్ చేసి ఏం వండుకున్నావని అడిగింది. స్పందన పప్పు అని అబద్ధం చెప్పి, నాన్నకు ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగింది. ఎవరూ చేయలేదంది తల్లి. సోమవారం మళ్ళీ అదే అడిగింది. ఏవిటే, అక్కడ ఏమైనా అయ్యిందా అని తల్లి గాబరా పడేసరికి మాట మార్చేసింది.

మంగళవారం మధ్యాహ్నం క్లాసు నుంచి వచ్చేసరికి లక్ష్మీకాంతం గారు పక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. పైకి రమ్మంది. బల్ల మీద టైపు చేసిన కాగితాలు నాలుగు, ప్రతిదాని కింద సంతకం, ఫోన్ నంబరు, ఫార్మసీ లైసెన్సు పాత నంబరు కూడా. స్పందన నిలబడే చదివింది. ఒక్క మాట పోలేదు. కొక్కిరాయి అరుపు తప్ప అన్నీ ఉన్నాయి. సుబ్బరాజు గారి పేరు ఉండాల్సిన ప్రతి చోటా 'యజమాని' అని ఉంది. ఊరి పేరు లేదు. ఆ రెండూ గుర్తింపు తెలియకుండా తీసివేసినట్టు అడుగున ఒక వాక్యం రాసి ఉంది.

"ఆ పేర్లతో కాలేజీ వాళ్ళకి పని లేదు. మీ నాన్నకి ఉంది," అంది లక్ష్మీకాంతం గారు. "నా ఫోన్లోంచి ఎక్కడికీ పోవు. భయపడకు."

స్పందన కుర్చీలో కూర్చుంది. లక్ష్మీకాంతం గారు మజ్జిగ గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. చేయడానికి రెండు రోజులే పట్టేది, కానీ మూడో మెసేజ్ దగ్గర ఆగిపోయానంది. తన తండ్రి కూడా అలాగే కౌలుదారుల్ని చేను మార్చేవాడనీ, తను ఇక్కణ్ణించి తమ్ముడి చేత అదే చేయిస్తోందనీ దాచకుండా చెప్పింది. ఎందుకు ఆంటీ అని స్పందన అడిగింది. అడిగే ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

"భయమేనమ్మా. ఇంత దూరంలో ఉన్నాను. ఒకసారి ఇంకొకళ్ళ పేరు కాయితం మీద పడితే నేనొచ్చి ఏం చేసుకోగలను? మీ నాన్న చెప్పింది అబద్ధం కాదు." మళ్ళీ, "ఇది రాసిచ్చాను కదా అని అక్కడ సంతకం పెట్టేస్తాననుకోకు. అది వేరు," అంది.

స్పందన తల ఊపింది. ఆ కాగితాలు గుండెలకు పెట్టుకుని కిందికి వెళ్ళాలో, ఇంకాసేపు కూర్చోవాలో తెలియక మజ్జిగ చివరి దాకా తాగింది.

గురువారం కమిటీ గదిలో ముగ్గురున్నారు. డోయల్, ఇంకో డిపార్టుమెంటు పెద్దాయన, కాగితాలు రాసుకునే ఒకావిడ. పెద్దాయన మర్యాదగానే అడిగాడు కానీ వదల్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడావు? గ్రామర్ సరిచూడటానికి వాడానని చెప్పింది. ఈ పేరా ఎక్కడిది? అనువాదం ముందుకు జరిపింది. ఆయన చదువుతున్నంతసేపూ ఆమె తన బూట్ల మీద, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఎండిన మరకలనే చూస్తూ ఉంది. డోయల్ ఒక రికార్డింగ్ వినిపించమంది. భాష తెలియని ముగ్గురూ కదలకుండా ఆ గొంతు విన్నారు. తేదీ చూశారు. వ్యాసం ఇచ్చిన తేదీకి తొమ్మిది రోజుల ముందుది.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి, ఇది ఇప్పటి ఇండియా, నువ్వు రాసింది నాలుగో శతాబ్దపు రోమ్, ఈ రెంటికీ సంబంధం ఏమిటన్నాడు. సరైన ప్రశ్నే. స్పందన దానికి పది రోజులుగా ఇంగ్లీషులో జవాబు తయారు చేసుకుంటోంది. దాన్ని పక్కన పెట్టేసింది.

"సంబంధం ఉందని నాకు తెలియదు సార్," అంది. "అక్కడ పేరు రాసి కట్టేశారు. మా దగ్గర పేరు రాయకుండా కట్టేస్తారు. చదువుతుంటే నాకు మా నాన్నే కనబడ్డారు. అది రోమ్ అని రాయడం నా తప్పు. కానీ అది కల్పించింది కాదు, మెషీన్ రాసిందీ కాదు."

వాళ్ళు ఆమెను బయట కూర్చోమన్నారు. పావుగంట తర్వాత, నిర్ణయం ఈమెయిల్‌లో పంపుతామని చెప్పి పంపేశారు. ఆ ఈమెయిల్ రావడానికి మరో ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ ఫోను మోగినప్పుడల్లా ఆమె చేతిలో పని వదిలేసి తీసి చూసేది. రాగిణి ఆమె ఫోన్లో ఈమెయిల్ యాప్ శబ్దమే ఆపేసింది.

మోసం జరగలేదని తేల్చారు. రికార్డులో ఏమీ పడదు. కానీ ఆధారం చూపకపోవడం, ఒక కాలం సంగతి ఇంకో కాలానికి అంటగట్టడం తప్పులే కనక వ్యాసం తిరిగి రాయాలి, ఎంత బాగా రాసినా వందకు డెబ్బైకి మించి మార్కులు వేయరు. నాన్న చెప్పిన భాగాన్ని విడిగా, ఇప్పటి సంగతిగా రాసి, ఎవరు ఎప్పుడు చెప్పారో ఆధారాల్లో చూపించాలి. కింద డోయల్ సొంతంగా ఒక మాట చేర్చింది. యజమానులకు ఎందుకు భయం అన్న చోట ఇంకా రాయి అని.

స్పందన వారం రోజులు కూర్చుని రాసింది. ఏప్రిల్ మూడో వారంలో అరవై ఎనిమిది వచ్చాయి. ఆ కాపీ ఒకటి లక్ష్మీకాంతం గారు అడిగి తీసుకుంది. చదివిందో లేదో చెప్పలేదు. ఆకివీడు పొలం సంగతి స్పందన అడగలేదు.

మార్కులు వచ్చిన మర్నాడు బస్టాపులో నిలబడి తండ్రికి ఫోన్ చేసి, జరిగిందంతా మొదటిసారి చెప్పింది. అక్కడ కోతలు అయిపోయాయి. సుబ్బరాజు గారు ఈ ఏడు కూడా చేసుకోమన్నారట, చేను మాత్రం మళ్ళీ కాలవ అవతలిదట. ఆ మాట చెప్పి సత్తిబాబు మళ్ళీ వ్యాసం సంగతికి వచ్చాడు.

"అయితే నేను కౌలు రైతునని అక్కడ చెప్పేశావా అమ్మలూ?"

"చెప్పాను నాన్నా. నీ పేరు కూడా రాశాను, వ్యాసం చివర. పుస్తకాలు రాసినోళ్ళ పేర్లతో పాటు."

"నా పేరెందుకమ్మా. ఎవరైనా చూస్తే?"

"మా టీచరు తప్ప ఎవరూ చూడరు. సుబ్బరాజు గారి పేరు లేదు, ఊరి పేరూ లేదు."

బస్సు మలుపు తిరిగి వస్తోంది. స్పందన బస్సు కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టింది.

"ఇంటిపేరు ముందు రాశావా, ఎనకాల రాశావా?" అని అడిగాడు సత్తిబాబు.

"ముందే రాయాలంట నాన్నా. కడలి, సత్తిబాబు అని రాశాను."

"అదే. అలాగైతేనే మనమేనని తెలుస్తది," అన్నాడు ఆయన.